కడుపులో కెరటాలు

జర్మన్‌లో దీనికి ఒక్క మాట చాలు: జేక్రాంక్‌హైట్. సముద్రపు జబ్బు అని అర్థం. మన తెలుగు ఇళ్ళలో అలా ఒక్క మాటతో సరిపెట్టరు. కడుపులో ఏదో కదులుతున్నట్టు ఉంటే "కడుపులో తిప్పుతోంది" అంటాం. నోట్లో నీళ్ళూరి, తిండి పేరు చెబితేనే మొహం తిప్పుకోవాలనిపిస్తే "వికారంగా ఉంది" అంటాం. గొంతు దాకా వచ్చి ఆగితే "డోకొస్తోంది". బయటికే వచ్చేస్తే వాంతి. కడుపులో తిండేమీ లేక పచ్చగా, చేదుగా వస్తే పసరు. చుట్టూ ఉన్నవన్నీ గిర్రున తిరుగుతుంటే "కళ్ళు తిరుగుతున్నాయి". ఇక అమ్మమ్మలూ నాయనమ్మలూ వీటన్నిటినీ కలిపి "పైత్యం చేసింది" అనేస్తారు.

ఈ మాటల్ని మీలో చాలామంది ఇండియాలో విని ఉంటారు. సెలవులకి వెళ్ళినప్పుడు తిరుమల కొండకో, అరకుకో కారులో తీసుకెళ్తారు. ఘాట్ రోడ్డు మొదలవుతుంది. మలుపు మీద మలుపు. అప్పటిదాకా ఫోన్‌లో ఆడుకుంటున్న మీరు ఒక్కసారిగా మాట్లాడడం మానేస్తారు. అత్తయ్య పక్కనుంచి నిమ్మకాయ అందిస్తుంది, "వాసన చూడమ్మా" అని. డ్రైవరుగారు మాత్రం "ముందుకొచ్చి కూర్చో బాబూ, ఫోన్ పక్కన పెట్టి రోడ్డు చూడు" అంటారు. ఆ డ్రైవరుగారి మాట గుర్తుపెట్టుకోండి. దానితో మనకి తరవాత పనుంది.

నేను హాంబుర్గ్‌లో ఉంటాను. స్కూబా డైవింగ్ చేస్తాను. వీపుకి గాలి సిలిండరు కట్టుకుని, నోట్లో రెగ్యులేటరు పెట్టుకుని నీటి అడుగుకి వెళ్ళడం అన్నమాట. జర్మనీలో చాలామంది దీన్ని ఈతకొలనులోనో, సరస్సులోనో నేర్చుకుంటారు. మా ఉత్తర జర్మనీలో హెమ్మోర్ అనే చోట ఒకప్పటి సుద్దగని నీళ్ళతో నిండి లోతైన సరస్సు అయింది. వేసవిలో అక్కడ డైవర్లే డైవర్లు. కెరటాలు ఉండవు కాబట్టి కడుపు తిప్పడమూ ఉండదు. అసలు కథ సముద్రంలో పడవ ఎక్కాకే మొదలవుతుంది.

కడుపు తిప్పుతుంది కదా అని ఇది కడుపు జబ్బు అనుకోకండి. దీనికి మూలం చెవిలో ఉంది. మీ చెవి లోపల, బాగా లోపల, ఎముక గూట్లో మూడు సన్నటి గొట్టాలున్నాయి. ఒక్కొక్కటీ అర్ధచంద్రంలా వంగి, ఒక్కొక్క దిక్కుకి తిరిగి ఉంటుంది. లోపల నీళ్ళలాంటి ద్రవం. మీరు తల తిప్పితే ఆ ద్రవం కాస్త వెనకబడుతుంది, దాన్నిబట్టి తల ఎటు తిరిగిందో మెదడుకి తెలుస్తుంది. వాటి పక్కనే రెండు చిన్న సంచులు, వాటిలో సుద్దపొడిలాంటి రేణువులు. లిఫ్ట్‌లో కళ్ళు మూసుకున్నా పైకి వెళ్తున్నామో కిందికి వెళ్తున్నామో మీకు తెలుస్తుంది కదా, అది ఈ రేణువుల పని.

ఇప్పుడు పడవ లోపలి గదిలో కూర్చోండి. కన్ను మెదడుతో "బల్ల కదలడం లేదు, గోడ కదలడం లేదు, మనం కూర్చునే ఉన్నాం" అంటుంది. చెవి "కాదు కాదు, లేస్తున్నాం, పడుతున్నాం, పక్కకి ఒరుగుతున్నాం" అంటుంది. ఇద్దరూ సాక్షులే, ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. మధ్యలో మెదడు తికమకపడుతుంది. తికమకపడితే పడింది, కడుపుని ఖాళీ చేయించడం ఎందుకు? దీని మీద ఒక ఊహ ఉంది. విషపు తిండి ఏదైనా తింటే కూడా కన్నూ చెవీ ఇలాగే పొంతన తప్పుతాయి; అందుకే మెదడు విషం తిన్నామేమోనని భయపడి కడుపుని కడిగేయమంటుందని 1977లో ట్రైస్‌మన్ అనే శాస్త్రవేత్త రాశాడు. నిజమో కాదో గానీ నాకు ఈ ఊహ నచ్చుతుంది. మెదడు మన మేలు కోరే ఈ పని చేస్తోందన్నమాట, కాస్త అతిగా.

చెవే కారణమని ఎలా తెలిసింది? అమెరికాలో గాలొడెట్ అని వినికిడి లేనివారి యూనివర్సిటీ ఉంది. అక్కడి పదకొండు మందిని 1950ల చివరినుంచి నౌకాదళమూ నాసా కలిసి పరీక్షలకి పిలిచాయి. వాళ్ళలో చాలామందికి చిన్నప్పుడు మెనింజైటిస్ వచ్చి లోపలి చెవి దెబ్బతింది. వాళ్ళని ఒకసారి కెనడా తూర్పు తీరంలో, నోవా స్కోషియా దగ్గర, అల్లకల్లోలంగా ఉన్న సముద్రంలో ఓడలో తీసుకెళ్ళారు. వాళ్ళు హాయిగా పేకాట ఆడుకున్నారు. పరీక్ష చేయాల్సిన శాస్త్రవేత్తలు మాత్రం వాంతులతో పడిపోయి, పరీక్షే మానుకోవాల్సి వచ్చింది! అంటే పడవలో మీకు కడుపు తిప్పుతోందంటే మీ లోపలి చెవి చక్కగా పనిచేస్తోందని అర్థం.

పెద్ద పెద్ద వాళ్ళకి కూడా ఇది తప్పలేదు. మీరు బడిలో గ్యోథే పేరు విని ఉంటారు. 1787లో ఆయన నేపుల్స్‌నుంచి సిసిలీకి ఓడలో వెళ్తూ కడుపు తిప్పి, గదిలో వెల్లకిలా పడుకుని, మనసుని తను రాస్తున్న నాటకం మీద పెట్టుకున్నాడు. చార్లెస్ డార్విన్ 1831 చివర్లో బీగిల్ అనే ఓడ ఎక్కి దాదాపు అయిదేళ్ళు తిరిగాడు; సముద్రం ఆయన్ని చివరిదాకా వదల్లేదు. చాలామందికి రెండు మూడు రోజుల్లో అలవాటైపోతుంది. కొందరికి అవదు. దానికీ ధైర్యానికీ సంబంధం లేదు. రెండేళ్ళలోపు పసిపిల్లలకి ఇది దాదాపు రాదు, ఆ తరవాత పన్నెండేళ్ళ వరకూ అందరికన్నా ఎక్కువగా వస్తుంది. కాబట్టి మీ వయసు పిల్లలదే మొదటి వరస.

మా అమ్మాయికి పన్నెండేళ్ళు. హాంబుర్గ్‌లోనే పుట్టింది. డైవింగ్ కార్డు ఉంది, చిన్నపిల్లలకి ఇచ్చేది. పెద్దవాళ్ళు తోడుంటేనే దిగాలి. ఒక జూలైలో మేమిద్దరం బాల్టిక్ సముద్రంలోని ఫేమార్న్ ద్వీపానికి వెళ్ళాం. అక్కడ బుర్గ్‌ష్టాకెన్ అని చిన్న రేవు. పాత జలాంతర్గామిని ఒడ్డుకి ఎక్కించి మ్యూజియం చేశారు. అక్కడినుంచి పడవలో వెళ్ళి, సముద్రంలో ఒక రాళ్ళగుట్ట దగ్గర దిగాలని మా ఆలోచన. పడవనుంచి దిగడం దానికి అదే మొదటిసారి.

బాల్టిక్ చిన్న సముద్రం, లోతు తక్కువ. పెద్ద మహాసముద్రంలో కెరటం బారుగా, నింపాదిగా వస్తుంది. ఇక్కడ గాలి లేస్తే కురచ కెరటాలు, ఒకదాని వెనక ఒకటి, ఊపిరి తీసుకోనివ్వవు. పడవ పోతున్నంతసేపూ ఫరవాలేదు. లంగరు వేశాకే చూడాలి! నీళ్ళలో బెండు ముక్కలా ఊగుతుంది. వెనకనుంచి డీజిల్ పొగ. పైన ఎండ. ఒంటి మీద మందపాటి రబ్బరు సూటు, ఎందుకంటే అక్కడ జూలైలో కూడా నీళ్ళు చల్లగానే ఉంటాయి. వంగి కాళ్ళకి ఫిన్స్ తొడుక్కోవాలి, వంగి బకిల్ పెట్టుకోవాలి. వంగారంటే కన్ను పడవ అడుగు తప్ప ఏమీ చూడదు. చెవికీ కంటికీ పోట్లాట పెట్టడానికి ఇంతకన్నా మంచి చోటు ఎవరూ కట్టలేరు.

పడవ నడిపే ఆవిడ జర్మన్‌లో "కడుపు బాగానే ఉందా?" అని అందర్నీ అడుగుతూ వచ్చింది. మా అమ్మాయి "అల్లెస్ గూట్" అంది. అంతా బావుంది అని. పది నిమిషాలకి మళ్ళీ అడిగింది. "అల్లెస్ గూట్." కానీ అది ఆవలిస్తోంది. రాత్రి బాగా నిద్రపోయిన పిల్ల, వరసగా నాలుగైదు ఆవలింతలు. పెదాలు పాలిపోయాయి, నుదుటి మీద చల్లటి చెమట. మాటలపుట్ట కాస్తా మౌనం. ఈ జబ్బుకి ఇవే తొలి గుర్తులు, వాంతికన్నా చాలా ముందే వస్తాయి. నాకు కనిపిస్తూనే ఉంది. సూటు జిప్పు కాస్త కిందికి లాగి, దాని పక్కన కూర్చున్నాను.

అది నా చెవి దగ్గరికి వంగి, తెలుగులో అంది:

"అమ్మా, కడుపులో తిప్పుతోంది. వీళ్ళకి చెప్పకు."

మా ఇంట్లో తెలుగు మాట్లాడమని దాని వెనక పడేది నేనే. ఆ రోజు పడవలో అది తనంతట తనే తెలుగులోకి వచ్చింది. పడవలో ఎవరికీ అర్థం కాని భాష అది ఒక్కటే మరి.

"సరేమ్మా. వికారమా, డోకొస్తోందా?"

"రెండూ ఒకటి కాదా?"

"కాదు. వికారమంటే ఇంకా టైముంది. డోకంటే లేదు."

ఒక్క క్షణం ఆలోచించింది. "అయితే డోకే."

లేపి నడిపించాను. గాలి వచ్చే వైపుకి కాదు, గాలి పోయే వైపుకి. అటు తిరిగి కక్కితే అది సముద్రంలో పడుతుంది. ఇటు తిరిగితే మన మొహానికే తిరిగొస్తుంది. పడవలోని చిన్న బాత్‌రూమ్‌లోకి మాత్రం ఎప్పుడూ వెళ్ళకూడదు, గాలీ వెలుతురూ లేక ఇంకా పెరుగుతుంది. దాని సూటు వెనక పట్టుకుని నిలబడ్డాను. ఒంగి కడ్డీ పట్టుకుంది. అయిపోయాక నీళ్ళు ఇచ్చాను, పుక్కిలించి, ఒక్కో గుక్కా తాగమన్నాను. పడవ నడిపే ఆవిడ చూసి నవ్వింది, మంచి నవ్వే. "చేపలకి మేత వేశావా!" అంది. జర్మన్లు అలాగే అంటారు, మీకు తెలిసే ఉంటుంది.

తరవాత ఆవిడ ఒకే ఒక్క మాట గట్టిగా చెప్పింది: ఇవాళ ఈ అమ్మాయి దిగదు.

అది ఏడ్చింది. కడుపు నొప్పితో కాదు, కోపంతో. తక్కినవాళ్ళు ఒక్కొక్కరూ నీళ్ళలోకి దూకుతున్నారు. "నీళ్ళలోకి దిగితే తగ్గిపోతుందని నువ్వే చెప్పావు కదా!" అని నా మీదికి వచ్చింది. చెప్పాను, అది నిజం కూడా. కెరటం పైపైనే ఊపుతుంది. ఒక కెరటం తలనుంచి తరవాతి దాని తల వరకూ 12 మీటర్లు ఉందనుకోండి, అందులో సగం, అంటే 6 మీటర్ల లోతుకి వెళ్తే ఊపు దాదాపు ఉండదు. కొంచెం వికారంగా ఉన్నవాళ్ళు తోటి డైవర్‌కి చెప్పి, త్వరగా దిగిపోతే హాయిగా ఉంటుంది. కానీ వాంతి చేసుకున్న పిల్ల సంగతి వేరు. ఒంట్లో నీళ్ళు తగ్గుతాయి, నీరసం వస్తుంది, బుర్ర చురుగ్గా ఉండదు. పైగా డైవ్ అయ్యాక మళ్ళీ అదే ఊగే పడవ దగ్గరికి తేలి, నిచ్చెన పట్టుకుని, బరువుతో ఎక్కాలి.

నీళ్ళ కింద వాంతి వస్తే? ఇది అందరు పిల్లలూ అడిగే ప్రశ్న, కొంచెం ముసిముసిగా నవ్వుతూ. జవాబు మాత్రం నవ్వులాట కాదు. రెగ్యులేటరు నోట్లోంచి తీయకూడదు. చేత్తో గట్టిగా పట్టుకుని, అందులోకే కక్కాలి. అది బయటికి పోయే దారి అందులో ఉంది. తరవాత ముందున్న బటన్ నొక్కితే గాలి వచ్చి లోపల శుభ్రం చేస్తుంది. ఎందుకు తీయకూడదంటే, వాంతి అయిన మరుక్షణం ఒళ్ళు దానంతటదే గట్టిగా ఊపిరి లాగుతుంది. ఆ క్షణంలో నోట్లో రెగ్యులేటరు లేకపోతే లోపలికి వెళ్ళేది నీళ్ళే. ఆ తడబాటులో ఊపిరి బిగబట్టి పైకి పరుగెత్తడం ఇంకా ప్రమాదం. పక్కనున్నవాళ్ళకి ముందే తెలిస్తే వాళ్ళు దగ్గరగా ఉంటారు, చెయ్యి పట్టుకుంటారు. "అల్లెస్ గూట్" విని దిగినవాళ్ళు అయిదు మీటర్ల దూరంలో పీతల్ని చూసుకుంటూ ఉంటారు.

డైవర్లలో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా, ఎప్పుడైనా, ఏ కారణానికైనా "నేను ఇవాళ దిగను" అనొచ్చు. ఎందుకని ఎవరూ అడగరు, ఎవరూ వెక్కిరించరు. నాకు ఈ ఆటలో అన్నిటికన్నా నచ్చేది ఇదే. పిల్లలకి ఇది ముందు నేర్పి, ఫిన్స్ తొడగడం తరవాత నేర్పినా ఫరవాలేదు.

పడవ నడిపే ఆవిడ దాన్ని పిలిచి చుక్కాని పక్కన నిలబెట్టుకుంది. దూరంగా ఫేమార్న్ వంతెన కనిపిస్తోంది. 1963లో కట్టింది, చూడడానికి బట్టలు తగిలించే హేంగరులా ఉంటుంది. అక్కడివాళ్ళు దాన్ని హేంగరనే పిలుస్తారు. "ఆ హేంగరు మీదనుంచి కన్ను తీయకు" అందావిడ. ఘాట్ రోడ్డు మీద డ్రైవరుగారు చెప్పినది ఇదే కదా. దూరంగా కదలకుండా ఉన్నదాన్ని చూస్తే, పడవ ఊగుతోందన్న సంగతి కన్ను కూడా ఒప్పుకుంటుంది. చెవితో పోట్లాట ఆగుతుంది. వంతెన లేకపోతే నీళ్ళూ ఆకాశమూ కలిసే గీత చాలు. అరగంటకి దాని మొహానికి రంగొచ్చింది. ఒక పొడి రొట్టె ముక్క అడిగి తింది.

"ఎందుకు దాచావమ్మా?" అని అప్పుడు అడిగాను.

"చెప్తే మళ్ళీ తీసుకురారు కదా."

ఈ భయం మీలో ఎంతమందికి ఉందో నాకు తెలియదు గానీ, బడి బస్సులోనూ, తరగతి ప్రయాణాల్లోనూ పిల్లలు నోరు నొక్కుకుని కూర్చోవడానికి కారణం ఇదేనని నాకు అనిపిస్తుంది. రాత్రి విశాఖపట్నంలో ఉన్న తాతయ్యకి ఫోన్ చేసి కథంతా అదే చెప్పింది. తాతయ్యది సముద్రం పక్క ఊరు. "మొదటిసారి బోటెక్కి వేటకెళ్ళిన కుర్రాడెవడూ ఉత్తినే తిరిగిరాడమ్మా. గంగమ్మకి ఏదో ఒకటి ఇచ్చే వస్తాడు!" అన్నాడు. వేట అంటే అక్కడ చేపలు పట్టడానికి వెళ్ళడం. అది పడీపడీ నవ్వింది. "మరి మందు వేసుకోలేదా?" అని తాతయ్య అడిగాడు.

మందులున్నాయి. డైమెన్‌హైడ్రినేట్ అనేది జర్మనీలో మందుల షాపులో మాత్రలుగానూ, నమిలే గమ్‌గానూ దొరుకుతుంది. కడుపు తిప్పడం మొదలయ్యాక మాత్ర వేసుకుంటే అంతగా లాభం లేదు, ముందే వేసుకోవాలి. కానీ అది నిద్ర తెప్పిస్తుంది. కారు వెనక సీట్లో నిద్రొస్తే నష్టం లేదు; నీళ్ళ కింద మత్తుగా ఉండడం వేరే సంగతి. అందుకే డైవింగ్ తెలిసిన డాక్టరు సరేననకుండా మేము వాడం. అమ్మమ్మ పంపిన శొంఠి వేడినీళ్ళలో వేసుకుని తాగుతాం. శొంఠి అంటే ఎండిన అల్లం. కొందరికి అది బాగానే పనిచేస్తుంది. నాకు చేస్తుంది, మా అమ్మాయికి ఇంకా తెలియదు. పొద్దున్నే ఖాళీ కడుపుతో వెళ్ళకూడదు, నిండా తిని కూడా వెళ్ళకూడదు. నన్నడిగితే రెండు ఇడ్లీలు, చట్నీ లేకుండా. అది విని తాతయ్య "చట్నీ లేకుండా ఇడ్లీ ఏంటి!" అని కొట్టిపారేశాడు. ఇంకొకటి: సిలిండరుకి రెగ్యులేటరు బిగించడం లాంటి వంగి చేసే పనులన్నీ రేవులోనే, పడవ కదలకముందే చేసేయడం. అందరికన్నా మంచి మందు అదేనని నా ఉద్దేశం.

మర్నాడు పడవ జోలికి వెళ్ళలేదు. ఒడ్డునుంచే దిగాం. నడుచుకుంటూ నీళ్ళలోకి వెళ్ళి, నడుము లోతులో ఆగి, తలకి తొడిగిన రబ్బరు హుడ్‌ని రెండు వైపులా పైకెత్తి చెవుల దగ్గరికి నీళ్ళు పోసుకున్నాం. ఒక చెవిలోకే చల్లటి నీళ్ళు ముందు వెళ్తే ప్రపంచం గిర్రున తిరుగుతుంది. దీన్ని వియన్నాలో రాబర్ట్ బారాని అనే చెవి డాక్టరు పట్టుకున్నాడు. రోగుల చెవులు కడుగుతుంటే, నీళ్ళు మరీ చల్లగా ఉన్నా, మరీ వేడిగా ఉన్నా వాళ్ళకి కళ్ళు తిరగడం గమనించి, లోపలి చెవి గుట్టు విప్పాడు. 1914 నోబెల్ బహుమతి ఆయనకే ఇచ్చారు. ఆ కబురు అందేసరికి ఆయన రష్యాలో యుద్ధఖైదీగా ఉన్నాడు.

మూడు మీటర్ల లోతులో సముద్రపు గడ్డి. సేగ్రాస్ అంటారిక్కడ. కెరటం వచ్చినప్పుడల్లా గడ్డంతా ఇటు వాలుతుంది, మళ్ళీ అటు వాలుతుంది. చూడ్డానికి బావుంటుంది, చూస్తూ ఉంటే కడుపు మళ్ళీ మొదలుపెడుతుంది. మా అమ్మాయి ఆగింది. నా వైపు తిరిగింది. అరచెయ్యి బల్లపరుపుగా పెట్టి ఇటూ అటూ ఊపింది. ఏదో బాగోలేదు అని డైవర్ల సైగ. తరవాత వేలితో కడుపు చూపించింది. నేను దాని చెయ్యి పట్టుకుని, గడ్డి అంచు దాటి, ఇసుక ఏటవాలుగా దిగిన వైపు చూపించాను. మెల్లగా ఆరు మీటర్లకి వెళ్ళాం. అక్కడ ఏదీ ఊగడం లేదు. ఒక రాయిని పట్టుకుని కాసేపు ఊరికే ఊపిరి తీసుకుంది, బుడగలు పైకి పోవడం చూస్తూ. రాయి కిందనుంచి ఆకుపచ్చ పీత ఒకటి రెండు డెక్కలూ పైకెత్తి మమ్మల్ని బెదిరించింది. మా అమ్మాయి నా వైపు చూసి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టింది. ఓకే అని. తరవాత పీతకి కూడా అదే చూపించింది.